అదే సర్టిఫికెట్, అవే బ్యాచ్‌లు, ఆయనకి 24 వేలు నాకు 13 వేలు. ఎలా అడగాలి?

చాక్ చేతులు:

నమస్తే అందరికీ. విజయనగరం టౌన్‌లో ఒక ప్రైవేట్ అకాడమీలో వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌గా చేస్తున్నా. పేరు అడగొద్దు ప్లీజ్, మన ఊళ్ళో ఆడ కోచ్‌లు ఎంతమందని, ఇట్టే పట్టేస్తారు. నేనూ లిఫ్టర్‌నే, నేషనల్స్ దాకా వెళ్ళా, మోకాలు పోయాక ఆట ఆపేసి పటియాలాలో కోచ్‌లకి ట్రైనింగ్ ఇచ్చే ఎన్‌ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసి ఇందులోకి వచ్చా.

మా దగ్గర ఇంకో కోచ్ ఉన్నారు, మగాయన. మనిషి మంచివారే, ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయనదీ అదే సర్టిఫికెట్, నాకన్నా వెనకాల చేరారు. పొద్దున్న ఒక బ్యాచ్, సాయంత్రం రెండు, ఇద్దరికీ సమానం. మొన్న టీ తాగుతూ జీతాల మాట వస్తే ఆయనకి 24 వేలని తెలిసింది. నాకు 13. ఆయన కూడా షాక్ అయ్యారు పాపం.

ఇంక మీట్‌లకి వెళ్ళినప్పుడుంటది అసలు కథ. ఆడపిల్లలతో లేడీ కోచ్ ఉండాలి కదా, బాడీ వెయిట్ చూసే గదిలోకి కూడా ఆడవాళ్ళే వెళ్ళాలి, కాబట్టి ప్రతి మీట్‌కీ నేనే. పోటీకి రెండు గంటల ముందు వెయిట్ చూడ్డం మొదలవుద్ది, ఒక పిల్ల వంద గ్రాములు ఎక్కువుంటే దానికి స్వెటర్ తొడిగి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించాలి, ఇంకోదానికి అదే రోజు పీరియడ్ వచ్చేస్తే తెలీని ఊళ్ళో మెడికల్ షాపు వెతుక్కోవాలి, రాత్రి స్కూల్ గదిలో పిల్లలతోపాటే చాప మీద పడుకోవాలి, మధ్యలో వాళ్ళ అమ్మలు ఫోన్ చేస్తే అందరికీ సమాధానం చెప్పాలి. మగపిల్లల టీమ్‌తో సార్ వెళ్తే టీఏ డీఏ ఇస్తారు, లాడ్జిలో రూమిస్తారు. నేనడిగితే ఓనరు "నువ్వు పిల్లలతోనే ఉంటావు కదమ్మా, నీకు ఖర్చేటుంటది" అంటారు.

ఇంకోటి, ఇది జీతం సంగతి కాదు గాని చెప్పాలి. పోటీల్లో ఆడవాళ్ళ బార్ (బరువులు తగిలించే రాడ్) 15 కేజీలు, 25 మిల్లీమీటర్ల మందం. మగవాళ్ళది 20 కేజీలు, 28 మిల్లీమీటర్లు. మా దగ్గరున్నవన్నీ 20 కేజీలవే. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తది, కానీ బొటనవేలు బార్‌కి చుట్టి దాని మీంచి మిగతా వేళ్ళు వేసి లాక్ చెయ్యాలి, చిన్న చేతులున్న పిల్లకి లావు బార్ మీద ఆ పట్టు పడదు, జారుద్దని భయంతో ముందే మోచేతులు వంచేస్తది. అలా ఏడాదంతా అలవాటై పోటీలో సన్న బార్ ఇచ్చేసరికి అంతా తేడా కొట్టేస్తది. అడిగితే "బరువు బరువే కదా" అన్నారు. ఏం మాట్లాడను దీనికి?

జీతం గురించి ఒకసారి కదిపి చూశా. "ఆయనకి ఫ్యామిలీ ఉందమ్మా, నువ్వు రేపు పెళ్ళయితే వెళ్ళిపోతావు" అన్నారు. మా నాన్నకి ఒంట్లో బాగోదు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది, అది ఫ్యామిలీ కాదేమో మరి. కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా పక్కనే, లిఫ్టర్ మత్స సంతోషి ఊరు కొండవెలగాడకి కూతవేటు దూరంలో ఉండి కూడా ఇదీ మన పరిస్థితి.

ఇలా తక్కువ ఇవ్వడం చట్టప్రకారం కుదురుద్దా? ఉద్యోగం పోకుండా ఎలా అడగాలి? క్రికెట్‌లో ఆడా మగా సమానం చేసేశారు కదా, ఆ మాట ఎత్తితే పనిచేస్తదా?

పలాస రైడర్:

అమ్మీ, నేను కబడ్డీ ఆడినదాన్ని, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు పలాస సైడు. నీ పోస్టు చదివి ఆ స్కూల్ గది చాప దగ్గర ఆగిపోయాను, ఎన్ని జిల్లాల స్కూళ్ళలో పడుకున్నామో.

ముందుగా, క్రికెట్ మాట ఎత్తకు. "అయితే బీసీసీఐలో చేరమ్మా" అంటాడు, నువ్వు తెల్లమొహం వేసుకుని రావాలి. నీ లెక్క నీ అకాడమీలోనే ఉంది, అది చాలు.

ఆడోళ్ళ ఆటల్లో జీతం ఆట మీద రాలేదు ఎప్పుడూ, ఉద్యోగం మీద వచ్చింది. మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత పైకి) 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు, మనదేశం నుంచి ఒలింపిక్ మెడల్ కొట్టిన మొదటి ఆడమనిషి, ఊసవానిపేట పిల్ల. ఆమెకి నెలనెలా జీతమిచ్చింది ఏ లీగూ కాదు, ఎఫ్‌సీఐ, అదే ఫుడ్ కార్పొరేషన్. మిథాలీ రాజ్, హర్మన్‌ప్రీత్ కూడా రైల్వేలో చేసినోళ్ళే. మా బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినోళ్ళు ఆడారు, రానోళ్ళకి పెళ్ళిళ్ళు చేసేశారు, వాళ్ళలో నాకన్నా మంచి రైడర్లు ఉన్నారు, అబద్ధం చెప్పను.

మా కబడ్డీనే చూడు. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది, 2018 వేలానికొచ్చేసరికి కొందరు ఆటగాళ్ళు కోటి దాటేశారు. మాకు 2016లో ఒక్కసారి మహిళల కబడ్డీ ఛాలెంజ్ అని పెట్టారు, మూడంటే మూడు టీములు, మగోళ్ళ సీజన్ మధ్యలో ఖాళీ చూసి ఇరికించారు, మరి ఆ ఊసే లేదు. 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ వైజాగ్‌లో మొదలైతే నేను టికెట్ కొనుక్కుని మా అబ్బాయిని తీసుకెళ్ళా. వాడు "అమ్మా నువ్వెప్పుడు ఆడావు ఇందులో" అంటే ఏటి చెప్పను.

ఇక నీ సంగతి. "కొంచెం పెంచండి సార్" అని మాత్రం అడక్కు, వెయ్యి రూపాయలు పెంచి ఏడాదంతా దండం పెట్టించుకుంటారు. అంకె చెప్పు. మీట్ డ్యూటీ వేరే పని, దానికి టీఏ డీఏ వేరే అని చెప్పు, జీతం కన్నా అది తొందరగా ఒప్పుకుంటారు ఎందుకంటే సార్‌కి ఆల్రెడీ ఇస్తున్నారు కాబట్టి కాదనడానికి నోరు రాదు. పోయిన సీజన్‌లో ఏ మీట్‌కి ఎక్కడికెళ్ళావో, ఎంతమంది పిల్లల్ని తీసుకెళ్ళావో ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

అన్నట్టు మీ దగ్గర ఆడపిల్లల ఫీజు ఎంత, మగపిల్లల ఫీజు ఎంత? అది చెప్పు ముందు.

మార్కెట్ మాస్టారు:

అందరూ సెంటిమెంట్‌తో మాట్లాడుతున్నారు, నేను చెప్తే చెడ్డవాణ్ణి అవుతాను, అయినా చెప్తా. ఇడ్లీ బండి దగ్గర జనం లేకపోతే ఇడ్లీకి రేటెక్కడిది? ఆడవాళ్ళ మ్యాచ్‌లకి టికెట్లు తెగవు, టీవీ వాడు డబ్బు పెట్టడు, స్పాన్సర్ రాడు. డబ్బు రానిచోట సమానంగా పంచమంటే ఎక్కణ్ణించి తెస్తారు? వివక్ష కాదు ఇది, లెక్క. జనం చూడ్డం మొదలెడితే డబ్బు దానంతటదే వస్తుంది. ఈ అమ్మాయికి అన్యాయం జరగలేదు అనట్లేదు, కానీ ఓనరు కూడా అప్పులు చేసి అకాడమీ పెట్టుంటాడు, అది కూడా ఆలోచించండి.

చాక్ చేతులు:

పలాస అప్పా, ఫీజు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే, నెలకి 1500. పిల్లల్లో సగం పైన ఆడపిల్లలే. చాలామంది తల్లిదండ్రులు లేడీ కోచ్ ఉందా అని అడిగి మరీ చేర్పిస్తున్నారు, బయట బోర్డు మీద కూడా "మహిళా కోచ్ కలరు" అని రాయించారు.

గ్యాలరీ నుంచి:

మాస్టారూ, ఆమె ఇప్పుడు చెప్పిన రెండు లైన్లు మీ ఇడ్లీ బండిని పడేశాయి. ఫీజు ఒకటే, పిల్లల్లో సగం పైన ఆడపిల్లలు, ఆమె ఉంది కాబట్టే చేరుతున్నారు. డబ్బు తెచ్చేది ఆమె, తక్కువ తీసుకునేదీ ఆమె. టికెట్లు టీవీ ఇక్కడికి ఎందుకొచ్చాయి?

పోనీ పెద్ద ఆటల సంగతే మాట్లాడదాం. స్క్వాష్ తీసుకోండి. మనదేశంలో స్క్వాష్‌కి మగవాళ్ళు ఆడినా జనం లేరు, ఆడవాళ్ళు ఆడినా లేరు, అయినా నేషనల్స్‌లో ప్రైజ్‌మనీ మగవాళ్ళకే ఎక్కువ ఉండేది. దీపికా పల్లికల్ 2012 నుంచి 2015 దాకా నేషనల్స్ ఆడనంది, సమానం చేస్తేనే వస్తానంది, చేశాక 2016లో వచ్చింది, గెలిచింది కూడా. ఏ మార్కెట్ పెరిగిందని సమానం చేశారు? ఒక మనిషి ఆడనని కూర్చుంది కాబట్టి చేశారు. టెన్నిస్ కూడా అంతే, యూఎస్ ఓపెన్ 1973లోనే బిల్లీ జీన్ కింగ్ గొడవ చేస్తే సమానం చేసింది, వింబుల్డన్‌కి అదే పని చెయ్యడానికి 2007 దాకా పట్టింది. ఆ 34 ఏళ్ళూ లండన్‌లో జనం ఆడవాళ్ళ ఫైనల్ చూడ్డానికి రాలేదంటారా?

క్రికెట్ సమానం అన్నారు కదా, అదీ చూద్దాం, ఎందుకంటే పేపర్లో హెడ్డింగ్ చదివి ఇంక అంతా అయిపోయింది అనుకునేవాళ్ళే ఎక్కువ. 2022 అక్టోబర్‌లో బీసీసీఐ మ్యాచ్ ఫీజు సమానం చేసింది. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. అంతకుముందు ఆడవాళ్ళకి టెస్టుకి 4 లక్షలు, వన్డేకి టీ20కి లక్ష. మంచిదే, చప్పట్లు కొట్టాల్సిందే. కానీ అది మ్యాచ్‌కి ఇచ్చే ఫీజు. మ్యాచ్‌లు ఎన్ని పెడుతున్నారు అనేది ఇంకో ప్రశ్న, ఆడవాళ్ళకి టెస్టు దొరకడమే గగనం. రోజుకూలీ రేటు ఒకటే అని, ఒకరికి నెలంతా పనిచ్చి ఇంకొకరికి వారమే ఇస్తే ఇంటికెళ్ళే డబ్బు ఒకటవుద్దా? ఇక ఏడాది కాంట్రాక్టు, సమానం అని ప్రకటించిన టైమ్‌కే ఆడవాళ్ళలో పెద్ద గ్రేడ్‌కి 50 లక్షలు, మగవాళ్ళలో 7 కోట్లు. దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. 2023లో ఆడవాళ్ళకి ఐపీఎల్ లాంటి డబ్ల్యూపీఎల్ పెట్టారు, వేలంలో ఆటగాళ్ళని కొనడానికి టీముకి 12 కోట్లు, అదే ఏడాది ఐపీఎల్ టీముకి 95. స్మృతి మంధానకి 3.40 కోట్లు వస్తే దేశమంతా నోరెళ్ళబెట్టింది, అదే సీజన్ ఐపీఎల్‌లో ఇంగ్లండ్ ఆటగాడు శామ్ కరన్ 18.50 కోట్లకి వెళ్ళాడు.

మిథాలీ వాళ్ళు 2005 వరల్డ్ కప్ ఫైనల్ దాకా వెళ్తే మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారట, ఆమే చెప్పింది. 2025లో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిస్తే ఐసీసీ ఇచ్చింది 44.8 లక్షల డాలర్లు, 2023లో మగవాళ్ళ కప్పు గెలిచిన ఆస్ట్రేలియాకి ఇచ్చిన 40 లక్షల కన్నా ఎక్కువ. ఇరవై ఏళ్ళలో ఎక్కణ్ణించి ఎక్కడికి! జనం ముందు వచ్చారా డబ్బు ముందు వచ్చిందా అంటే, నా మటుకు నాకు టీవీలో మంచి టైమ్‌కి వెయ్యడం ముందు వచ్చింది అనిపిస్తది. ఆ కప్పులో మ్యాచ్‌లు వైజాగ్‌లో పెట్టారు కదా, ఆస్ట్రేలియా మ్యాచ్‌కి మేము కోట జంక్షన్ నుంచి బస్సెక్కి వెళ్ళాం, 330 కొట్టి కూడా ఓడిపోయాం ఖర్మ. ఆ రోజే స్టేడియంలో ఒక స్టాండ్‌కి మిథాలీ పేరు, ఇంకోదానికి మన విజయవాడ ఆటో డ్రైవర్ కూతురు, క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టారు. ఆ బోర్డు చూసినప్పుడు మాత్రం ఓడిపోయిన బాధ సగం పోయింది.

కప్పు గెలిచాక, 2025 డిసెంబర్‌లో, దేశవాళీ ఆడే సీనియర్ అమ్మాయిలకి తుది జట్టులో ఉంటే రోజుకి 20 వేలు ఉన్నది 50 వేలు చేశారు. ముందే ఎందుకు చెయ్యలేదు? డబ్బు లేకనా, బీసీసీఐకి?

మార్కెట్ మాస్టారు:

స్క్వాష్ సంగతి నాకు కొత్తగానే ఉంది, ఒప్పుకుంటున్నా. అయినా ఐపీఎల్ డబ్బు ఐపీఎల్ సంపాదించుకుందే, దాంతో డబ్ల్యూపీఎల్‌ని పోల్చడం తప్పు అనే నా మాట. ఈ అకాడమీ అమ్మాయి విషయంలో మాత్రం నా వాదన వర్తించదు, ఫీజు ఒకటే అయితే జీతం ఒకటే ఉండాలి, అది నేను కూడా అంటా.

కోర్టువీధి గుమాస్తా:

శ్రీకాకుళంలో లాయర్ గారి దగ్గర గుమాస్తాగా చేస్తున్నా, లాయర్ని కాను, కానీ ఈ కాగితాలు రోజూ చూస్తా కాబట్టి నాకు తెలిసినంత చెప్తా.

ఒకే పనికి, లేదా ఒకేలాంటి పనికి ఆడ మగ తేడా పెట్టి జీతం తగ్గించకూడదని 1976 నుంచే చట్టం ఉంది, సమాన వేతన చట్టం. ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసిపోయింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది. ప్రైవేటు కదా మాకు వర్తించదు అనేది కుదరదు, అకాడమీ అయినా కిరాణా హోల్‌సేల్ అయినా ఒకటే. "ఆయనకి ఫ్యామిలీ ఉంది", "నీకు పెళ్ళవుద్ది" ఇవి చట్టం ముందు కారణాలే కావు, నిజానికి ఆ మాటలే మీకు సాక్ష్యం, ఎందుకంటే తేడా పనిని బట్టి కాదు మనిషిని బట్టి పెట్టానని ఓనరు తన నోటితో తనే చెప్పినట్టు. ఆయన తప్పించుకోవాలంటే సార్‌కి అనుభవం ఎక్కువనో, అదనంగా ఏదో పని చేస్తున్నారనో చూపించాలి. మీ కేసులో అదనపు పని చేసేది మీరే. మీరు ముందు చేరారు కూడా.

కానీ రేపే లేబర్ ఆఫీసుకి పరిగెత్తకండి. క్లెయిమ్ వేసుకోడానికి మూడేళ్ళ టైముంది, కంగారు లేదు. ముందు కాగితాలు పోగేసుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్ లేదనుకుంటా, మన దగ్గర ఎవరిస్తున్నారు గనక. జీతం ఫోన్‌పేలో వేస్తే ఆ హిస్టరీ, బ్యాచ్ టైమింగ్స్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, "రేపు మీట్‌కి నువ్వెళ్ళు" అని వచ్చిన మెసేజ్, హాజరు పుస్తకం ఫొటో, ఆ "మహిళా కోచ్ కలరు" బోర్డు ఫొటో కూడా. ఫోన్ పోయినా ఉండేలా మెయిల్‌కి పంపుకోండి. జీతం క్యాష్‌లో ఇస్తుంటే మాత్రం వచ్చే నెల నుంచి అకౌంట్‌లో వెయ్యమనండి, ఇంట్లో లోన్‌కి కావాలి అని చెప్పండి చాలు, గొడవుండదు.

మీరు అడగలేదు గాని ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీట్‌లకి ఆడపిల్లలతో రాత్రిళ్ళు ఉంటున్నారు. పని చేసే చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది, అందులో పని స్థలం అంటే ఆఫీసు ఒక్కటే కాదు, స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్, స్టేడియం, పోటీలు జరిగే చోటు అని స్పష్టంగా రాసుంది. పది మంది గాని అంతకన్నా ఎక్కువ గాని పనిచేసే చోట లోపలే కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువుంటే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, కలెక్టరేట్‌లో అడిగితే చెప్తారు. మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఫిర్యాదు చేసే మనిషి అక్కడ జీతానికి ఉండాలని కూడా లేదు, ట్రైనింగ్‌కి వచ్చిన అమ్మాయి కూడా ఇవ్వొచ్చు. పిల్ల మైనర్ అయితే ఇదంతా కాదు, నేరుగా పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. 2023లో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర వరల్డ్ మెడల్స్ తెచ్చిన రెజ్లర్లు వేధింపుల ఫిర్యాదు మీద ఫుట్‌పాత్ మీద కూర్చోవాల్సి వచ్చింది, అంత పేరున్నవాళ్ళకే అలా అయితే మన జిల్లా మీట్‌కొచ్చే పిల్ల ఎవరికి చెప్పుకుంటది? అకాడమీ గోడ మీద ఎవరికి ఫోన్ చెయ్యాలో నెంబర్ రాయించండి, ఇది ఖర్చు లేని పని.

విజిల్ సార్:

నేను మగ కోచ్‌నే, అథ్లెటిక్స్, ఇదే జిల్లా. ఆడ కోచ్‌లకి తక్కువిస్తారని మాకు తెలీదు అని మగవాళ్ళం అంటుంటాం గాని, తెలుసుకోవాలని అడగం కూడా, అదీ నిజం.

మా దగ్గర కూడా ఇలాగే ఉంటే నేనూ ఆ మేడమూ కలిసి ఓనర్ దగ్గరకి వెళ్ళాం. నేను చెప్పింది ఒకటే, "సార్, మేడమ్ మానేస్తే అమ్మాయిల బ్యాచ్ నేను తీసుకోను, మీట్‌లకి అమ్మాయిలతో నేను వెళ్ళలేను, వెళ్ళకూడదు కూడా". అంతే, ఆయన కాలిక్యులేటర్ తీశారు. మంచితనం పుట్టుకొచ్చి కాదు, అమ్మాయిల ఫీజులు లెక్కేసుకుని. చెల్లెమ్మా, మీ సార్ మంచివారు అన్నావు కదా, అయితే ఆయన్ని పక్కన కూర్చోమను. నోరు విప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. ఆయన భయపడితే మాత్రం బలవంతం చెయ్యకు, ఆయన ఇల్లూ జీతం మీదే నడుస్తుంది.

బార్ విషయం ఎవరూ పట్టించుకోలేదు ఈ థ్రెడ్‌లో. నాకు అది జీతం కన్నా పెద్ద తప్పులా అనిపించింది. జీతం తక్కువైతే పోయేది నీ డబ్బు, బార్ తప్పైతే ఆ పిల్లల టెక్నిక్ మొత్తం పాడైపోద్ది, పైగా "ఆడపిల్లలు ఎత్తలేరు" అనే పేరొకటి. మా హర్డిల్స్‌లో కూడా మగవాళ్ళ ఎత్తు వేరు ఆడవాళ్ళ ఎత్తు వేరు, తెలిసి తెలిసి మగవాళ్ళ ఎత్తు పెట్టి అమ్మాయిల్ని దూకమంటే నన్నేమంటారు?

చాక్ చేతులు:

అందరికీ చాలా థాంక్స్. వెళ్ళి అడిగాను. సార్ కూడా వచ్చారు, ఏం మాట్లాడలేదు గాని వచ్చి కూర్చున్నారు. క్రికెట్ మాట ఎత్తలేదు. పలాస అప్ప చెప్పినట్టు మీట్‌ల లిస్టు, పిల్లల సంఖ్య, ఫీజు లెక్క ఒక పేజీలో రాసి టేబుల్ మీద పెట్టా. 24 వేలు అని అంకె కూడా చెప్పా, చెప్తుంటే గొంతు వణికింది, మెడల్ లిఫ్ట్‌కి కూడా అంత వణకలేదు.

ఓనరు చాలాసేపు ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. తర్వాత ఇప్పుడు 19 చేస్తాను, ఎండాకాలం క్యాంపు ఫీజులొచ్చాక మిగతాది చూద్దాం అన్నారు. మీట్‌కి టీఏ డీఏ సార్‌కి ఇచ్చినట్టే ఇస్తామన్నారు. బార్ ఒకటి తెప్పిస్తామన్నారు. లెటర్ ఇవ్వమంటే మాత్రం "మన మధ్య కాగితాలేంటమ్మా" అని నవ్వేశారు. ఇంట్లో అమ్మ "వచ్చిందే చాలు, ఇంక నోరెత్తకు" అంటోంది. నాకు మాత్రం ఆ ఐదు వేలు ఇంకా కళ్ళముందే ఉంది. కాగితం లేకుండా ఒప్పుకున్నది ఎలా నిలబడుద్ది?

కోర్టువీధి గుమాస్తా:

ఆయన ఇవ్వకపోతే మీరే రాయండి. ఇవాళే వాట్సాప్ పెట్టండి, మర్యాదగా. "సార్, ఈ రోజు మనం మాట్లాడుకున్న ప్రకారం ఈ నెల నుంచి జీతం 19 వేలు, మీట్‌లకి ఇంకో కోచ్ సార్‌తో సమానంగా టీఏ డీఏ, సమ్మర్ క్యాంపు తర్వాత 24 వేల గురించి మళ్ళీ మాట్లాడదాం అన్నారు, థాంక్యూ సార్" అని. ఆయన ఓకే అన్నా, బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. ఏమీ అనకుండా మొదటి నెల 19 వేసినా అదే కాగితం. థాంక్యూ మర్చిపోకండి, రేపు ఎవరు చదివినా మీరు గొడవ మనిషి కాదని తెలియాలి.

రాజాం కమిటీ కుర్రోడు:

థ్రెడ్ పక్కదారి పట్టిస్తున్నా, ఏమనుకోవద్దు. మేము సంక్రాంతికి కబడ్డీ టోర్నీ పెడతాం, మగవాళ్ళకి ఫస్ట్ ప్రైజ్ 30 వేలు, ఆడవాళ్ళకి 10. ఇది చదివాక కమిటీలో మాట్లాడితే పెద్దోళ్ళు "మగోళ్ళ టీములు ఇరవై వస్తాయి, ఆడోళ్ళవి ఐదు, ఎంట్రీ ఫీజే రాదు, జనం కూడా మగోళ్ళ ఫైనల్‌కే వస్తారు" అంటున్నారు. వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. ఏం చెప్పమంటారు?

పలాస రైడర్:

బాబూ, నువ్వు అడిగావు చూడు, అదే మేలు. నేను అలాంటి టోర్నీలు ఎన్నాడానో నాకే లెక్కలేదు కాబట్టి చెప్తున్నా విను.

ఆడోళ్ళ టీములు ఐదే ఎందుకొస్తున్నాయో అడిగారేటి మీ పెద్దోళ్ళు? 10 వేలకి ఏడుగురూ ముగ్గురు సబ్‌స్టిట్యూట్లూ ఒక కోచూ ఆటో మాట్లాడుకుని టెక్కలి నుంచో సాలూరు నుంచో వస్తే గెలిచినా తలకి వెయ్యి మిగలదు, ఓడితే చేతి డబ్బులు. ఎవరొస్తారు? ప్రైజ్ ఈ ఏడే సమానం చెయ్యలేకపోతే చెయ్యలేకపోయారు, ముందు వచ్చిన ప్రతి ఆడ టీముకీ దారిఖర్చు ఇవ్వండి, గెలిచినా ఓడినా. ఐదు పది అవుతాయో లేదో చూడు.

మా మ్యాచ్‌లు ఎప్పుడు పెట్టేవారో తెలుసా, మధ్యాహ్నం ఒంటిగంటకి, మగోళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు గ్రౌండ్ ఖాళీగా ఉంటది కదా అని. ఆ ఎండలో మన్ను కాలిపోతుంటే చూడ్డానికి ఎవరొస్తారు, కుక్కలు కూడా రావు. మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడు కూడా అన్నానికి పోయేవాడు. సాయంత్రం లైట్లు వేశాక ఆడోళ్ళ ఫైనల్ పెట్టండి, మగోళ్ళ ఫైనల్‌కి ముందు, జనం అప్పటికే వచ్చుంటారు, లేచి ఎక్కడికి పోతారు.

బట్టలు మార్చుకోడానికి తలుపున్న గది ఒకటి చూడండి, షామియానా గుడ్డ కట్టి ఇదే గది అనకండి. బాత్రూమ్ గ్రౌండ్‌కి దగ్గర్లో ఉండాలి, నీళ్ళుండాలి. రిఫరీల్లో ఒక ఆడమనిషిని పిలవండి, దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు, నేను సెలవు పెట్టుకుని వస్తా, భోజనం మాత్రం మగ రిఫరీలకి పెట్టిందే పెట్టాలి.